కొండ దారిలో ఎర్ర కారు

"ప్రొఫెసర్ ఈ రేసు నుంచి ప్రాణాలతో తిరిగి రావాలి. తను కనిపెట్టిన రహస్య ఫార్ములా ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఆయన కారు మీద చెయ్యి వేసిందని కబురు. రేసు మానమంటే నన్నే తిట్టిపోశాడు. ఇక నీదే భారం."

అలా ఏజెంట్ డేగ మెకానిక్ వేషంలో, మోచేతుల దాకా గ్రీజుతో, ఆ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కింద దూరాడు. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి తాగినవాడిలా ఊగుతోందని ప్రొఫెసర్ గోల. డేగ టైర్లలో గాలి చూశాడు. ముందు చక్రాలు జాక్ మీద లేపి ఊపి చూశాడు. చక్రాలను తిప్పే టై రాడ్లు, బేరింగులు, స్టీరింగ్ బాక్స్... ఎక్కడా పిసరంత వదులు లేదు. అన్నీ బాగుండటమే అతన్ని భయపెట్టింది.

"వానొస్తుందంటారా?" నల్ల కళ్ళద్దాల సుందరి వంగి అడిగింది.

"గొడుగు తెచ్చాను," అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది. ఆమె నెమలి. నావిగేటర్‌గా ప్రొఫెసర్ పక్క సీట్లో కూర్చోడానికి చీఫ్ పంపిన ఏజెంట్.

"ముందు చక్రాలు నేనే దగ్గరుండి చూశాను. పాత బండి కదా, ఊగక ఏం చేస్తుంది? వదిలెయ్," అని నవ్వింది నెమలి.

ఇంతలో మైకులో పిలుపు వచ్చింది. డేగ జాక్ దించాడు, నెమలి పక్క సీట్లో ఎక్కింది. ప్రొఫెసర్ హెల్మెట్ పెట్టుకుంటూ చిర్రుబుర్రులాడాడు.

"నువ్వేం మెకానిక్‌వయ్యా! యాక్సిలరేటర్ తొక్కితే కుడికి పోతోంది, కాలు తీస్తే ఎడమకి వస్తోంది. అదీ స్టీరింగ్ కదపకుండానే!"

కాలు కదిపితే దారి మారుతోందంటే రోగం ముందు కాదు, ఇంజన్ తిప్పే వెనక చక్రాల దగ్గరే. స్టీరింగ్ అనగానే అందరిలాగే డేగ కూడా ముందు చక్రాలు పట్టుకుని కూర్చున్నాడు. మట్టిబుర్ర!

ఇంజన్ గర్జించింది. స్టార్టర్ జెండా ఎత్తాడు.

"అయ్యో, నా గాగుల్స్! మీరు వెళ్ళండి సార్, కింద చెక్‌పోస్టు దగ్గర ఎక్కుతాను," అంటూ నెమలి చటుక్కున దిగిపోయింది.

డేగ నేల మీద బోర్లాపడి పెన్ను మూత తిప్పాడు. చిన్న లైటు, దాని పక్కన అద్దం. అందులో వెనక స్ప్రింగు కనపడింది. ఇరుసును పట్టి ఉంచే నట్లు చివరి మరల మీద వేలాడుతున్నాయి. తుప్పు మధ్య స్పానర్ గీసిన తాజా మెరుపు. మొదటి మలుపులో బ్రేకు వేస్తే ఇరుసు పక్కకి జరిగి బండి లోయలోకే!

జెండా దిగింది. డేగ ఒక్క గెంతులో లేచి తాళంచెవి లాగేశాడు.

"పిచ్చెక్కిందా నీకు?" ప్రొఫెసర్ అరిచాడు.

డేగ నెమలి వైపు తిరిగాడు. "ఎక్కండి మేడమ్. ముందు మనిద్దరం ఆ మలుపు దాకా వెళ్ళొద్దాం."

నెమలి ముఖం పాలిపోయింది. ఆమె చూపు సూటిగా వెనక చక్రం మీదికి పోయింది. అక్కడ తప్పుందని డేగ ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది, కానీ అతని స్పానర్ ముందే ఆ మణికట్టు మీద పడింది. బుల్లి పిస్టల్ రోడ్డు మీద దొర్లింది.

ఆ సాయంత్రం, నట్లన్నీ బిగించాక, ప్రొఫెసర్ మెల్లగా కొండ దిగాడు. పక్క సీట్లో డేగ.

"ఏమయ్యా, ఇప్పటికీ కాస్త ఎడమకి లాగుతోందే! ఇదీ ఆ ముఠా పనేనా?"

"కాదు సార్. ఇన్నేళ్ళుగా మీరు చేయించని వీల్ అలైన్‌మెంట్ పని."