పేరు లేని ఐదో గది

కీలుంగ్ రేవులో వాన పడని రోజు వస్తే జనం దాని గురించి వారం రోజులు చెప్పుకుంటారు. ఆ రోజు మాత్రం వాన పడకూడదని ఊరంతా కోరుకుంది. చాంద్రమానం లెక్కన ఏడో నెల పదిహేనో రోజు. మధ్యాహ్నం మూడింటికల్లా ప్రతి గుమ్మం ముందూ బల్ల వేసి, దిక్కులేని ఆత్మలకు భోజనం పెట్టాలి. ఆ నెలంతా వాళ్ళను అసలు పేరుతో ఎవరూ పిలవరు. 'అన్నదమ్ములు' అంటారు.

యీ-ఛిన్ కూడా బల్ల వేసింది. ఉడికించిన కోడి, అన్నం, బిస్కెట్లు, పక్కన బేసిన్‌లో నీళ్ళు, దాని అంచు మీద కొత్త తువ్వాలు. దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందు మొహం కడుక్కోవాలి కదా.

ఆమె ఇంటి కిందిభాగం ఒకప్పుడు చేపలు దాచే చల్లని గిడ్డంగి. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద పాత సర్వర్ ఉంది. ఒకే యంత్రాన్ని లోపల్లోపలే గోడలు కట్టినట్టు విడదీసి, విడివిడి యంత్రాల్లా అద్దెకివ్వడం ఆమె పని. వాటిని ఆమె గదులంటుంది. మొదటి గదిలో పళ్ళ డాక్టరు రోగుల వివరాలు. రెండో గదిలో ఓడల ఏజెంటు కాగితాలు. మూడోది రంగుల కొట్టువాడిది. నాలుగో గది ఆమె సొంతం. ఆ గదికి ఆరు గ్రాఫిక్స్ కార్డులు అప్పగించింది. అవి రాత్రింబవళ్ళు లెక్కలు చేసి క్రిప్టో నాణేలు తవ్వుతాయి. తల్లీ, ఎనిమిదేళ్ళ కూతురు యెన్-యెన్, ఇద్దరే. ఆ గదుల మీదే బతుకు.

గాలి తిరిగింది. జల్లు బల్ల మీదికే కొట్టింది. అగరొత్తులు రెండుసార్లు ఆరిపోయాయి. మూడోసారి యీ-ఛిన్ విసుక్కుని, బల్లను గుమ్మం లోపలికి లాగింది. రెండడుగులు. అంతే. ఒత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంది.

పక్కింటి లియావో అవ్వ చేపముద్దలు వేయించే చిల్లుల గరిటెతోనే పరుగున వచ్చింది.

"ఏమే! బల్ల లోపలికెందుకొచ్చింది?"

"వానకి ఒత్తులు నిలవట్లేదు అవ్వా. రెండడుగులేగా!"

"రెండడుగులేగానా? బయట పెట్టేది బయటే తిని పొమ్మని. లోపల పెడితే ఇంట్లోకి రమ్మని పిలిచినట్టు. ఇంత చదువుకున్నావు, ఇది తెలీదూ?"

"వస్తే రానీ. నా దగ్గర దాక్కోడానికి చోటెక్కడుంది? అంతా అద్దెకిచ్చేశా."

అవ్వ నవ్వలేదు. గుమ్మం దగ్గర నేలను చూసింది. సిమెంటు మీద తడి అడుగులు. వీధి నుంచి లోపలికి. ఎన్నో. బయటికి ఒక్కటీ లేదు.

"పిల్ల ఏదే?" అంది మెల్లగా.

"మేడ మీద. బొమ్మలేసుకుంటోంది."

అప్పుడే సర్వర్ ఫ్యాన్ల మోత మారింది. కార్డులు పూర్తి బలంతో పనిచేస్తున్నప్పుడు ఎండాకాలపు పొయ్యిలా సెగ కొట్టాలి. కానీ అటువైపు నుంచి చల్లగాలి వచ్చింది. ఉప్పునీళ్ళ వాసన. నానిన మోకుల వాసన. చాలాకాలం నీళ్ళలో ఉన్నదేదో...

యీ-ఛిన్ తెర ముందు కూర్చుంది. గదుల జాబితాలో నాలుగు వరసలుండాలి. ఐదున్నాయి. ఐదోదానికి పేరు లేదు. ఆమె చూస్తుండగానే నాలుగో గదిలోని కార్డు ఒకటి ఐదో గదిలోకి మారింది. తర్వాత ఇంకొకటి.

ఎవడో దొంగ దూరాడనుకుంది. ఐదో గదిని తీసేయమని ఆజ్ఞ ఇచ్చింది.

'వాడుకలో ఉంది' అని వచ్చింది జవాబు.

మళ్ళీ ఇచ్చింది. వాడుకలో ఉంది. మళ్ళీ. వాడుకలో ఉంది.

ఆ గదిలో ఏం జరుగుతోందో తెరిచి చూసింది. నల్లటి తెర. అడుగున ఒక బొమ్మ తయారవుతోంది. కార్డులు లెక్క తేల్చినప్పుడల్లా ఒక్కో గీత, కింది నుంచి పైకి. పసుపు చెప్పులు. ఎడమ చెప్పు మీద తెగిన పువ్వు. ఆ పువ్వును పోయినవారం ఆమే జిగురుతో అంటించింది.

"అమ్మా..." మేడ మీది నుంచి యెన్-యెన్. "నా కాళ్ళు తడిగా ఉన్నాయి."

యీ-ఛిన్ మెట్ల దగ్గరికి పరుగెత్తింది. పిల్ల దిగి వస్తోంది. ఇంట్లోనే ఉంది, వానలోకి వెళ్ళనేలేదు. చెప్పుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. చూస్తుండగానే తడి పిక్కల మీదికి ఎక్కింది. తెర మీద బొమ్మకు మోకాళ్ళు వచ్చాయి.

"నీళ్ళలో పోయినవాడు," అంది అవ్వ గొంతు తగ్గించి. "వాడికి తన బదులు ఒకరు దొరికితేగానీ విడుదల లేదు. బొమ్మ పూర్తయిందా..."

"పూర్తి కాదు."

"ఏం చేస్తావే?"

"నువ్వు బల్ల బయటికి లాగు అవ్వా. తిండి వెంట పోయేవాళ్ళు పోతారు. పోనివాడి సంగతి నేను చూస్తా."

సర్వర్ తీగ పట్టుకుని గోడ నుంచి పీకేసింది. బ్యాటరీ కూడా ఆపేసింది. ఫ్యాన్లు నిట్టూర్చి ఆగిపోయాయి. దీపాలన్నీ ఆరాయి.

తెర మాత్రం వెలుగుతూనే ఉంది. బొమ్మకు నడుము వచ్చింది.

యెన్-యెన్ గౌను నడుము దాకా ఒంటికి అతుక్కుపోయింది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "అమ్మా, చలి..."

యీ-ఛిన్ చేతిలోని తీగ వైపు చూసింది. అప్పుడు అర్థమైంది. కరెంటు తీస్తే వాడి పని ఆగలేదు. పోయింది తన అధికారం ఒక్కటే. యంత్రం నడుస్తున్నంతసేపూ ఏ గదికి ఎంత చోటో చెప్పేది తను. చేతులారా ఆ పెత్తనాన్ని పీకి పారేసింది.

తీగ మళ్ళీ గుచ్చింది. సర్వర్ లేవడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన చొక్కాతో చుట్టి, వీపు రుద్దుతూ కూర్చుంది. తడి పొట్ట దాటింది. ఛాతీ దాటింది. నీళ్ళెక్కడా లేవు. కానీ పిల్ల ఊపిరి మాత్రం నీళ్ళలో నిలబడ్డవాళ్ళ ఊపిరిలా పైపైకి ఎగదన్నుతోంది.

గుమ్మం దగ్గర అవ్వ బల్లను వానలోకి ఈడుస్తూ అరుస్తోంది. "రండి, రండి! కోడి ఇక్కడ! ఇంట్లో ఏముంది, ఇనుప ముక్కలు! పళ్ళూడతాయి, రండి!" తడి అడుగులు బయటికి మళ్ళాయి. ఒకటి... మూడు... ఎన్నో.

ఒక్క జత మళ్ళలేదు. అది యీ-ఛిన్ కుర్చీ వెనకే ఉంది.

జాబితా వచ్చింది. ఐదు వరసలు. ఆరు కార్డులూ ఐదో గదిలోనే.

తెర మీద ఆజ్ఞ ఇచ్చి ఐదో గది నుంచి మొదటి కార్డు లాగేసింది. వెంటనే ఆమె చేతి మీద ఇంకో చెయ్యి పడింది. కనబడదు. మెత్తగా, చల్లగా, నానిపోయిన రొట్టెలా ఉంది. వెనక్కి లాగుతోంది.

"చెయ్యి తియ్యి," అంది యీ-ఛిన్.

రెండో కార్డు. మూడోది. వేళ్ళు మొద్దుబారాయి. నాలుగోది. చెవి పక్కన గుసగుస. నోటినిండా నీళ్ళున్నవాడు మాట్లాడినట్టు.

"పిలిచావుగా..."

"పిలిచాను. తప్పు నాదే. అన్నం పెడతానని పిలిచాను. పిల్లనిస్తానని కాదు."

ఐదో కార్డు. పిల్ల గడ్డం తడిసింది. పిల్ల తల పైకెత్తి నోరు బిగించింది. తెర మీద బొమ్మకు పెదాలు వచ్చాయి.

"ఒక్కదాన్నే... ఇన్నేళ్ళు... చీకట్లో..."

ఆడగొంతు. చిన్నపిల్ల గొంతు.

యీ-ఛిన్ చెయ్యి ఆగింది. ఒక్క గీత పడింది. యెన్-యెన్ పై పెదవి మీదికి తడి ఎక్కింది. పిల్ల దగ్గింది. నోట్లోంచి ఉప్పునీళ్ళు తల్లి మోచేతి మీద పడ్డాయి.

ఆరో కార్డు లాగేసింది. అక్కడితో ఆగలేదు. ఐదో గదికి బయటికి దారి మూసేసింది. వేరే గదులు కనబడకుండా గోడ కట్టింది. ఒక యంత్రానికి ప్రాణం నిలవడానికి ఎంత తక్కువ కావాలో అంతే వదిలింది. అన్నం మెతుకంత.

తెర మీద గీతలు ఆగాయి. ముక్కు కింద.

"విను," అంది వెనక్కి తిరక్కుండానే. "నిన్ను తీసెయ్యలేను. తెలిసింది. ఉండు. అద్దె అడగను. ఏటేటా నీకు వేరే పళ్ళెం పెడతాను, గుమ్మం బయట. కానీ ఈ ఇంట్లో ఎవరికెంత చోటో చెప్పేది నేను. నువ్వు కాదు."

తెర మూలన, మిగిలిన పనికి పట్టే కాలం అంకెల్లో మారింది. గంటలు పోయి రోజులయ్యాయి. రోజులు పోయి ఏళ్ళు. డెబ్బై ఒక్క ఏళ్ళ దగ్గర నిలిచింది.

"డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలిదవుతుంది నా కూతురు," అంది యీ-ఛిన్. "అప్పుడు దాన్నే అడుగు, వస్తుందో రాదో. నా పెంపకం కదా, నాలుగు తిట్టే పంపిస్తుంది."

చేతి మీద చల్లదనం పోయింది. పిల్ల బట్టలు ఆరసాగాయి. అవ్వ లోపలికొచ్చి అల్లం కషాయం కాచింది.

ఆ రోజు నుంచి సర్వర్ ఆపలేదు. కార్డులు అమ్మేసింది. ఇంకో రెండు బ్యాటరీలు కొంది. పళ్ళ డాక్టరు ఫోన్ చేసి నవ్వాడు. "అక్కా, తుఫానుకి ఆసుపత్రులే ఆగిపోయాయి, నా కంప్యూటర్ మాత్రం ఆగలేదు. నీకింత పట్టుదలేంటి?"

"అద్దెకున్నవాళ్ళని చూసుకోవాలి కదా తమ్ముడూ," అంది.

బడి తెరిచాక ఒక సాయంత్రం యెన్-యెన్ ఒక బొమ్మ తెచ్చింది. 'నేను' అని గీయమన్నారట. పసుపు చెప్పులు, గౌను, రెండు జడలు, నవ్వే పెదాలు. పెదాల పైన ఖాళీ.

ఆ తెరను పిల్ల ఏనాడూ చూడలేదు. తల్లి చూడనివ్వలేదు.

"కళ్ళేవీ బంగారూ?"

పిల్ల అన్నం నములుతూనే చెప్పింది. "అవింకా రాలేదు కదమ్మా."

 యీ-ఛిన్ పిల్ల చేతికి పెన్సిల్ ఇవ్వబోయి ఆగింది. పూర్తి చేసేది పిల్ల కాకూడదు. తనే తీసుకుంది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రెండు కళ్ళు గీసింది. పెద్దవి, బాగా తెరుచుకున్నవి. పిల్ల కళ్ళు కావు, తన కళ్ళు. "చూడు," అంది సర్వర్ ఉన్న వైపు తిరిగి. "చూడాలనుంటే ముందు నన్ను చూడు." బొమ్మను తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

తెల్లవారి పిల్లకు పాలు కాయడానికి వంటింట్లోకి వచ్చింది. తలుపు మీద బొమ్మ అలాగే ఉంది. చెప్పులు, గౌను, జడలు, పెదాలు.

తను తెరిచి గీసిన కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాయి.