లైటు తీసెయ్యమన్న డాక్టరు

"లైటు తీసెయ్యండి," అంది డాక్టర్ సుచరిత.

"తియ్యను," అన్నాను.

మా అక్క కూతురు అమ్మడికి చీకటంటే భయం. కరెంటు పోయిందంటే నాలుగడుగులు వెయ్యకుండానే పడిపోతుంది. అందుకే మా దీవిలోని గరాచర్మలో అక్కవాళ్ళింటికి నేనే ఇన్వర్టర్ పెట్టాను. మిడిల్ పాయింట్ సెంటర్లో నాది ఇన్వర్టర్ల షాపే మరి. అలాంటి పిల్లని చీకట్లో నిలబెడుతుందట!

"భానుప్రకాష్‌గారూ, మామయ్య మీరే. డాక్టర్ని మాత్రం నేను."

పద్మావతక్క నన్ను గిల్లింది. లైటు తీశాను. కిటికీ పరదా సుచరితే లాగేసింది. ఆమె మెత్తటి దిండు మీద నిలబెట్టిన అమ్మడు పక్కకి ఒరిగిపోయింది. సుచరిత చటుక్కున పట్టుకుంది.

"భయమేసిందా అమ్మడూ?"

"నహీ దీదీ. నేలెక్కడుందో తెలీలేదు."

నేను నోరెళ్ళబెట్టాను. ఇన్నాళ్ళూ ఈ ముక్క మేమెవరం అడగలేదు.

"ఆ మధ్య వచ్చిన జ్వరానికి ఎడమ లోచెవి దెబ్బతిన్నట్టుంది," అంది సుచరిత, పిల్ల తల గబుక్కున తిప్పి కళ్ళు పరీక్షించాక. "మనల్ని నిలబెట్టే బ్యాలెన్స్ అక్కడే ఉంటుంది. వెలుతురుంటే ఆ పని కళ్ళు చూసుకుంటాయి. మీరేమో వెలుతురు పోనివ్వలేదు, అందుకే ఇది బయటపడలేదు."

"అరే, చెవి పక్కాగా వినిపిస్తోందే!"

"వినడం వేరు, నిలబడడం వేరు."

"తగ్గుతుందా? ఈత నేర్పిస్తానని దానికి మాటిచ్చాను."

"ఇప్పుడే సముద్రంలో దింపకండి. ముందు ఎక్సర్‌సైజులు. కార్డు మీంచి చూపు కదలకుండా తల అటూ ఇటూ తిప్పాలి. మెల్లగా మెదడు నేర్చుకుంటుంది. కార్డు ఎవరు పట్టుకుంటారు?"

"నేను!" అని అరిచాను.

ఆ తర్వాత చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ నాకో సందేహం.

"డాక్టర్‌గారూ, ఓడెక్కితే నాకు వాంతులెందుకండీ?"

"పోయినసారీ ఇదే అడిగారు," అని నవ్వింది. ఆ నవ్వు కోసం మళ్ళీ అడగాలనిపించింది.

ఓ వాన సాయంత్రం అక్క ఆమెని టీకి పిలిచింది. ఫెరార్గంజ్‌లో వాళ్ళ నాన్నగారు టీచరని అప్పుడే తెలిసింది. ఇంతలో కరెంటు పోయింది. అమ్మడి ప్రాక్టీసు కోసం ఆపి ఉంచిన ఇన్వర్టర్ వెయ్యబోతే సుచరిత వద్దంది.

వంటింట్లోంచి చిన్న అడుగుల చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది.

"దీదీ, బిస్కట్లు! నేను పడలేదు!"

అక్క ఏడ్చేసింది. ఆ చీకట్లో నాకెక్కడలేని ధైర్యం వచ్చింది.

"సుచరితగారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. లైటుంటే చెప్పలేను."

అయిపోయాననుకున్నాను.

"లైటు వెయ్యండి," అంది సుచరిత.

"ఎందుకండీ?"

"ఆ మాట మీ మొహం చూస్తూ వినాలి."

నాకంటే ముందు అక్కే పరిగెత్తి స్విచ్ వేసింది.