నాలుగో గది దప్పి

పుంగనూరులో పశువుల సంత దాటి సదుం రోడ్డెక్కితే, ఎడమ చేతి వైపు ఐదు అంగళ్ల వరస ఉంది. అందులో నాలుగో గది షట్టర్‌ని పొద్దుగూకినాక ఎవరూ ముట్టుకోరు.

ముట్టుకుంటే... లోపలి నుంచి ఎవరో చెయ్యి పట్టుకుంటారు.

ఈ మాట నేను పుట్టించింది కాదు. పాలక్యాన్ల వాళ్లు చెప్పారు, సంతకొచ్చే వాళ్లు చెప్పారు, అనుభవించిన వాళ్లూ చెప్పారు. ఆ గదిలో అంగడి పెట్టిన దర్జీ ఒక రాత్రి షట్టర్ దించబోతే, మోచేతి దాకా ఎవరో లాగినట్టయింది. కుట్టు మిషన్ అక్కడే వదిలి పరుగెత్తాడు. దానికోసం పగటి పూట కూడా మళ్లీ రాలేదు, తమ్ముణ్ణి పంపాడు. తర్వాత సెల్‌ఫోన్లు బాగుచేసే వాడొకడు వచ్చి పదకొండు రాత్రులు నిలిచాడు. పన్నెండో రాత్రి చెప్పులు కూడా గడప బయటే వదిలేసి పోయాడు.

ఆ చెయ్యి ఎవరిదో ఊరే తేల్చేసింది. మునిరత్నమ్మది.

గది ఆమె మొగుడు రెడ్డెప్పది. మునిరత్నమ్మ రోజూ సందేళకి బిందెడు నీళ్లు ఎత్తుకొచ్చి ఆ గది వెనక గోడ మూలలో పోసేది. అక్కడ చెట్టు లేదు. రాయి లేదు. దీపం పెట్టే గూడు లేదు. ఉత్త నేల. ఎవరికమ్మా పోస్తాండావు అంటే నవ్వి ఊరుకునేది. పోయిన మాఘంలో ఆమె పోయింది. ఎండలు ముదిరేసరికి గదిలో చెయ్యి మొదలైంది. ఇంకేముంది, బతికినన్నాళ్లు దేనికో నీళ్లు పోసింది, ఇప్పుడు పోసే దిక్కు లేదు, దప్పికి అల్లాడుతోంది అన్నారు. ఒకరి కష్టం తెలియని నోళ్లకు దెయ్యాన్ని పుట్టించడం ఎంతసేపు?

రెడ్డెప్పకు ఈ మాట వింటే ఒళ్లు మండేది. అరవై రెండేళ్ల మనిషి. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు, స్టెబిలైజర్లు, టీవీకి తగిలించుకుని ఆడే పాత క్యాసెట్ గేములు, అన్నీ బాగుచేసి బతికాడు. ఇప్పుడు వాటిని బాగుచేయించుకునే వాళ్లు లేరు. అయితే ఆనాడు ఆ గేములాడిన పిల్లలు ఇప్పుడు సంపాదనపరులై, మళ్లీ అవే కావాలంటున్నారు. అందుకని అరచేతిలో పట్టే చిన్న బోర్డు తెప్పించి, దాని మెమరీ కార్డులో పాత ఆటలన్నీ ఎక్కించి, పాడైన స్టెబిలైజర్ ఇనుప డబ్బాలో బిగించాడు. కంట్రోలర్లు కూడా సొంతంగా చేశాడు. చెక్క మీద గుండ్రటి మీటలు, వాటి నుంచి డబ్బా దాకా బారెడు తీగలు. మదనపల్లెలో పిల్లల ఆటల హాలు నడిపే ప్రదీప్ ఒకటి కొని, నచ్చి, ఇంకో ఆరు చేయమన్నాడు.

బాడుగకు ఎవరూ రాని నాలుగో గదిలోనే రెడ్డెప్ప బల్ల వేశాడు. పగలంతా డబ్బా చెప్పినట్టు వినేది.

రాత్రయితే... రెండో బొమ్మ తనంతట తాను నడిచేది.

తెర మీద ఇద్దరు ఆడే ఆట. ఎర్రచొక్కా బొమ్మ మొదటి కంట్రోలర్‌ది, పచ్చచొక్కా బొమ్మ రెండోదానిది. రెండో కంట్రోలర్ బల్ల మీద ఉత్తగా పడి ఉంటుంది, పచ్చచొక్కా మాత్రం నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ఎగురుతుంది. పక్కన ఎవరో కూర్చుని నేర్చుకుంటున్నట్టు.

రోడ్డు మీద పోయేవాళ్లు అది చూశారు. తెల్లారేసరికి ఊరంతా పాకింది.

ప్రదీప్‌కి ఫోన్ చేస్తే అతను అన్నాడు, "నా డబ్బా మదనపల్లెలో బాగుండాదన్నా. కుప్పంలో మా వాళ్ల పెండ్లికి ఎత్తుకపోతి, ఆడా తెల్లార్లు ఆడినారు, ఏమీ కాలేదు. నీ గదిలోనే యాల ఇట్ల?"

రెడ్డెప్ప ఫోన్ పెట్టేసి డబ్బా మూత విప్పాడు. అంతుపట్టనిదేదైనా ఆయనకు కోపం తెప్పిస్తుంది.

ఆషాఢం సగమైనా వాన పడని ఒక సాయంత్రం, పక్కగది చెంగల్రాయుడు వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. అతను మునిరత్నమ్మ సొంత తమ్ముడు. పశువుల దాణా అంగడి. రాత్రిపూట కరెంటు నిలకడగా ఉంటుందని దాణా మిల్లు పొద్దుగూకినాకే ఆడిస్తాడు.

"బావా, రేపు పొద్దున కుప్పం పక్క నుంచి స్వామిని పిలిపిస్తాండాము. నాలుగు మూలలా మేకులు కొట్టి గది మూసేస్తాడంట."

"ఎవురి గదికి ఎవురు మేకులు కొట్టేది?"

"అంగళ్లోళ్లందరి మాట ఇది. గిరాకీ సచ్చిపోయింది. సందేళైతే ఒక్క మనిషి ఈ పక్క రాడు."

"నీ దాణాలో ఊక ఎక్కువైతే గిరాకీ సచ్చిపోతాది రా. దానికి మీ అక్కను దెయ్యం సేస్తావా?"

చెంగల్రాయుడు తల దించలేదు. "నా చెయ్యీ పట్టుకునింది బావా. నా సొంత అక్క... నన్నే పట్టుకునింది. నీకేం, నిన్ను ముట్టుకోదు."

"నన్ను యాల ముట్టుకోదంట?"

"బతికుండగా మాత్రం నీ దగ్గిరికి రానిచ్చినావా?"

రెడ్డెప్ప చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు, పెట్టి మాట్లాడాడు. "రేపు పొద్దు పొడిచేలోపల ఆ పచ్చచొక్కా కదలకుండా నిలబెడతా. నిలబెడితే, మా ఆడమనిషి పేరు ఇంకోసారి ఎవడూ నోటికి తీసుకురాకూడదు. నిలబెట్టలేకపోతే తాళంచెవి నీ సేతికే ఇస్తా, మేకులు కొట్టుకోండి."

"రాత్రంతా పక్కనే ఉంటా. మిల్లు ఆడించాల," అని చెంగల్రాయుడు వెళ్లిపోయాడు.

చీకటి పడింది. షట్టర్ నడుము దాకా దించి రెడ్డెప్ప బల్ల ముందు కూర్చున్నాడు. గోడ అవతల మిల్లు గరగరమని మొదలైంది.

డబ్బా వేశాడు. ఎర్రచొక్కా నిలబడింది. పచ్చచొక్కా నిలబడింది...

ఒక్క క్షణమే. పచ్చచొక్కా అడుగు వేసింది.

రెండు కంట్రోలర్లూ అటుదిటు మార్చాడు. పచ్చచొక్కానే కదిలింది. తీగ మార్చాడు. మీటలన్నీ విప్పి, తుడిచి, బిగించాడు. కదిలింది. మెమరీ కార్డు తీసి కొత్త కార్డు పెట్టి, సెట్టింగులు మొదటి నుంచి చేశాడు. రెండో ఆటగాడు ఉంటే మీట నొక్కమని తెర అడిగింది. రెడ్డెప్ప రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద గుర్తు వెలిగింది. ఎవరో నొక్కారు.

 అయినా రెడ్డెప్ప పంతం వదల్లేదు. రెండో కంట్రోలర్ తీగను డబ్బా నుంచి పూర్తిగా లాగేశాడు. ఇప్పుడు నొక్కడానికి మీటే లేదు, కంట్రోలర్ నేల మీద పడి ఉంది, దాని తీగ చచ్చిన పాములా చుట్టుకుని ఉంది.

పచ్చచొక్కా పరుగెత్తింది.

తెర ఈ చివర నుంచి ఆ చివరికి... ఆ చివర నుంచి ఈ చివరికి... ఎగిరి, ఎర్రచొక్కా దగ్గరికొచ్చి, పక్కనే ఆగింది.

రెడ్డెప్ప తెర మీదికి వంగాడు. తర్వాత, ఐదు నెలలుగా పలకని పేరు పలికాడు.

"రత్నా..."

పచ్చచొక్కా ఎగిరింది.

ఆ మనిషి లోపల ఏదో తెగింది. భయమా, కోపమా, తెలియదు. "నువ్వేనా? ఊరు నిన్ను దెయ్యమంటే నేను ఒక్కణ్ణే కొట్లాడతాండా. నన్నే ఓడగొడతావా? దప్పయితాందా నీకు? దా, తాగు," అని లేచాడు.

మూలనున్న నీళ్ల బిందె ఎత్తుకున్నాడు. నలభై ఏళ్లలో ఆయన పనిచేసే చోట చెప్పులు విడిచింది లేదు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ లక్ష్మి ఉండే చోటని గడప బయట విడిచి వచ్చేవాడు. ఆయన మాత్రం రబ్బరు చెప్పులతోనే తిరిగేవాడు, ఆ మాట మీద మునిరత్నమ్మ ఎన్నిసార్లు పోట్లాడిందో. ఈ రాత్రి, పోయిన మనిషికి నీళ్లిచ్చేటప్పుడు చెప్పులేంటని, విడిచాడు. ఉత్త కాళ్లతో నడిచి, షట్టర్ పైకెత్తడానికి చెయ్యి వేశాడు.

పట్టుకుంది.

వేళ్ల నుంచి మోచేతి దాకా. జివ్వున లాగి... వదిలింది. బిందె తొణికి నీళ్లు కాళ్ల మీద పడ్డాయి. అవతల మిల్లు గరగరమంటూనే ఉంది.

రెడ్డెప్ప బిందెను గట్టిగా చంకకు అదుముకున్నాడు. షట్టర్ కింద నుంచి వంగి బయటపడి, వెనక గోడ మూలకు పోయి, ఆమె పోసే చోటే బిందె వంచాడు. నేల నీళ్లను తాగిన చప్పుడు వినిపించింది. గుటకలు వేసినట్టు. ఇంకో బిందె తెచ్చి పోశాడు. అదీ తాగింది.

వెనక్కి వచ్చి, కళ్లు మూసుకుని షట్టర్‌ను ముట్టుకున్నాడు. ఏమీ లేదు. ఉత్త ఇనుము.

లోపల తెర మీద పచ్చచొక్కా నిలబడి ఉంది. గంట చూశాడు. రెండు గంటలు చూశాడు. కదలలేదు.

పంతం నెగ్గింది. కానీ ఊరే నిజమైంది. మునిరత్నమ్మ దప్పికి అల్లాడుతోందన్నారు, నీళ్లు పోస్తే తీరింది. రేపు పొద్దున తన నోటితోనే ఆమెను దెయ్యమని ఒప్పుకోవాలి. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

తెల్లవారుజామున మిల్లు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆయన చూపు గడప దగ్గరి చెప్పుల మీద పడింది. దర్జీది ఉత్త కాలు. ఫోన్ల వాడిదీ ఉత్త కాలే. చెంగల్రాయుడు అంగట్లో చెప్పులు వేసుకోడు. తనను మాత్రం ఇన్నాళ్లూ ముట్టుకోలేదు... చెప్పులు విడిచిన రాత్రే పట్టుకుంది.

దెయ్యానికి రబ్బరు చెప్పులంటే భయమా?

రెడ్డెప్ప పలుగు ఎత్తుకుని వెనక మూలకు నడిచాడు.

పొద్దెక్కి స్వామి, చెంగల్రాయుడు, మిగతా ముగ్గురు అంగళ్ల వాళ్లు మేకులు పట్టుకుని వచ్చేసరికి ఆయన గుంత పక్కన మట్టిలో కూర్చుని ఉన్నాడు. మూరెడు మట్టి కింద సిమెంటు పలక. పలక కింద ఇటుకల గుంత, బొగ్గులు, ఉప్పు, నడుమ నిలువునా ఇనుప గొట్టం. గొట్టానికి బిగించిన రాగి తీగ ఐదు గదుల్లోకీ పోతోంది. పలక మీద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు వేలితో గీసిన అక్షరం ఉంది: రె. రెడ్డెప్ప పేరులో మొదటిది.

"ఏంది బావా ఇది?" అన్నాడు చెంగల్రాయుడు.

"ఎర్త్ గుంత. ఈ వరసకు వైరింగ్ సేసినప్పుడు నేను తవ్వింది. లీకైన కరెంటు దీంట్లోకి దిగి సావాల. దిగాలంటే నేల తడిగుండాల." ఆయన ఇనుప గొట్టాన్ని తట్టాడు. "మీ అక్క పోయినాక ఎవురూ పోయక ఎండిపోయింది. నీ మిల్లు మోటారు లీకయితాందిరా. దానికి దిగే దోవ లేక అందరి తీగల్లోకీ ఎక్కింది. నా గదిలో తీగ షట్టర్‌కి తగులుకోనుండాది, అందుకే ఈ షట్టర్లోకే వచ్చింది, నా డబ్బాలోకి వచ్చింది. అందుకే నీ మిల్లు ఆడితేనే పచ్చచొక్కా ఆడతాండాది."

"నీ జేబులో కరెంటు టెస్టర్ ఉండాది కదా. ఇన్నాళ్లూ షట్టర్‌కి పెట్టి సూసింటే..."

"ఊరి వాగుడికి టెస్టరా అనుకుంటి," అన్నాడు రెడ్డెప్ప.

స్వామి మేకుల సంచి చంక మార్చుకున్నాడు. చెంగల్రాయుడు గుంతలోకి చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "అక్కకు ఈ గుంత సంగతి తెలుసా?"

"కరెంటు గురించి ఏం తెలుసురా దానికి? ఈ పలక మూసిన పొద్దు నేనే చెప్తి. సందేళకి బిందెడు నీళ్లు పొయ్యి, మర్చిపోవాకు, మరిస్తే మనుషులకు ఏమన్నా అయితాది అని. చెప్పి నేను మర్చిపోతి. కరువు ఏడాది ఉత్త మట్టికి నీళ్లు యాల పోస్తాండావే పిచ్చిముండా అని నలుగురిలో తిడితి. అలవాటయిపోయిందిలే అనింది. ఎదురు చెప్పలేదు. నేను ఇంట్లో లేనప్పుడు పోసింది. ముప్పై ఏళ్లు." ఆయన లేచాడు. "మీ చేతులు పట్టుకోకుండా కాపాడిన మనిషిరా అది. దానికి మేకులు తెచ్చినారు మీరు."

చెంగల్రాయుడు వంగి, ఖాళీ బిందె తీసుకుని కొళాయి వైపు నడిచాడు.

చెంగల్రాయుడు మోటారు బాగుచేయించాడు. ఆరు డబ్బాలూ మదనపల్లె చేరాయి. దర్జీ మళ్లీ బాడుగకు అడుగుతున్నాడట. సందేళ బిందె మాత్రం రెడ్డెప్ప ఎవరికీ ఇవ్వడు.

అంతా తేలిపోయినట్టే. కానీ పాలక్యాన్ల వాళ్లు ఇంకో మాట కూడా చెబుతారు. ఒక్కో రాత్రి, రోడ్డు మీద మనుషులు పలచబడ్డాక, రెడ్డెప్ప తన డబ్బాకున్న ఎర్త్ తీగను విప్పేస్తాడట. ఎర్త్ లేకపోతే గాల్లో ఉండే కరెంటుకే డబ్బా ఉలిక్కిపడుతుందని ఆయనకు తెలుసు. మునిరత్నమ్మ కూర్చునే పాత పీట పక్కన వేసి, దాని మీద రెండో కంట్రోలర్ పెడతాడట. చెప్పులు గడప బయట విడిచి వచ్చి కూర్చుంటాడట.

పచ్చచొక్కా అడుగు వేసేదాకా... ఎర్రచొక్కా కదలదట.