ఎడమ చక్రం బోల్టులు

ఆ ఉదయం ఆకాశం వానకు సిద్ధమైనట్టే కనిపించి, మళ్ళీ మనసు మార్చుకుంది. మబ్బులు వచ్చాయి, టైర్ల షాపు రేకుల మీద నాలుగు చినుకులు రాల్చాయి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాయి.

షాపు ఇంకా తెరవలేదు. టైర్ల కోసం పొద్దున్నే వచ్చిన అతనికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. వేలంలో కొన్న పాత మిలిటరీ ట్రక్కు ముందు ఎడమ చక్రానికి పానా తగిలించాడు. పానాకు పొడుగాటి పైపు తొడిగి, దాని చివర ఎక్కి నిలబడ్డాడు. బోల్టు కదల్లేదు. ఎగిరి దూకాడు. అయినా కదల్లేదు.

"ఏమండీ, విప్పుతున్నారా, బిగిస్తున్నారా?"

వెనక్కి తిరిగి చూశాడు. మోచేతుల దాకా గ్రీజు మరకల చొక్కా, తలకు గట్టిగా చుట్టిన గుడ్డ, చేతిలో షాపు తాళాలు. టైర్ల మేస్త్రి కూతురు.

"విప్పుతున్నా."

"ఆ సంగతి బోల్టుకి చెప్పారా?"

ఆమె వంగి, బోల్టు కొసను బొటనవేలితో తుడిచింది. తుప్పు కింద నుంచి ఇంగ్లీషు 'ఎల్' అక్షరం బయటపడింది. "ఈ బండికి ఎడమ వైపువన్నీ ఎడమ మరలండీ. అన్నిటినీ తిప్పినట్టు తిప్పితే ఇంకా బిగుసుకుంటాయి. తిరగేసి తిప్పితేనే వస్తాయి. ఇందాకటి నుంచి మీరు చేసిందంతా ఇప్పుడు నేను విప్పుకోవాలి."

"క్షమించండి."

"ఎవరు, నేనా, బోల్టా?"

అతను కొంచెం ఆలోచించాడు. "ఇద్దరూ."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి రేకుల మీది పిచ్చుకలు లేచిపోయాయి. అతను మాత్రం అక్కడే ఉండిపోయాడు.

ఆమె తండ్రి వచ్చాక అతను తన పని చెప్పాడు. చెప్పడమంటే, నాలుగు ముక్కలు. అతనికి నలభై తేనెటీగల పెట్టెలున్నాయి. ఏటికి ఇవతల పూత అయిపోయింది. అవతల కొండ తోటల్లో మొదలవబోతోంది, ఉండేది పన్నెండు రోజులే. ఏట్లో నడుము లోతు నీళ్ళు, గుండ్రాళ్ళు. ఏ లారీవాడూ రానన్నాడు. ఈ ట్రక్కుకి పెద్ద టైర్లు వేస్తే దాటుతుంది. దాటకపోతే పెట్టెల్లో ఈగలు ఆకలితో చచ్చిపోతాయి.

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "దీనికి రాసిన సైజు కంటే రెండు సైజులు పెద్దవి కావాలి. సిటీ నుంచి తెప్పించాలి, తెచ్చాక వెనక్కి తీసుకోరు. అమ్మాయ్, కొలతలు చూడు."

ఆమె క్యాబిన్లోకి ఎక్కి స్టీరింగ్ పట్టుకుంది. టేపూ అట్టముక్కా అతనికిచ్చింది. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు రెండుసార్లు కొలవాలి: చక్రం తిన్నగా ఉన్నప్పుడొకటి, పూర్తిగా తిప్పాక ఇంకొకటి.

"ఎంతుంది?"

"తొమ్మిది వేళ్ళు."

"టేపిస్తే వేళ్ళతో కొలుస్తారేంటండీ? మీ వేళ్ళా, నా వేళ్ళా?" కిటికీలోంచి తల బయటపెట్టి మళ్ళీ నవ్వింది. "సరే, తిప్పాను. ఇప్పుడు చూడండి."

అతను చూశాడు. అట్టముక్క మీద రాసిచ్చాడు.

టైర్లు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పని ఉన్నా లేకపోయినా అతను షాపుకి వచ్చాడు. ఆమె అతనికి 'పొదుపు గారు' అని పేరు పెట్టేసింది. అంత పొదుపుగా మాట్లాడే మనిషిని ఆమె చూడలేదట.

"పొదుపు గారూ, ఈ రోజు ఎన్ని మాటలు తెచ్చుకున్నారు?"

"సరిపడా."

"అందులో ఒకటి అయిపోయింది, జాగ్రత్త. అవునూ, మీ ఈగలు కుట్టవా?"

"కుడతాయి."

"కుట్టినప్పుడైనా అరుస్తారా?"

అతను నవ్వు దాచుకోవడానికి జాకీ కిందికి వంగాడు. ఆమె ఎంత లాగితే అతను అంత బిగుసుకుపోయేవాడు. ఇంటికెళ్ళాక పెట్టెల మధ్య నిలబడి, ఆమెకి ఇవ్వాల్సిన జవాబులన్నీ ఈగలకి చెప్పేవాడు. అవి చాలా బాగుండేవి.

టైర్లు వచ్చాయి. ఒక్కొక్కటి ఆమె ఛాతీ ఎత్తుంది. తండ్రీ కూతుళ్ళు రిమ్ములకు సబ్బునీళ్ళు రాసి, టైర్లు ఎక్కించి, గాలి కొట్టి, సాయంత్రానికి ఆరు చక్రాలూ బిగించారు. తెల్లారితే ప్రయాణం.

"సుద్ద రాయమ్మాయ్," అన్నాడు మేస్త్రి.

అది ఆయన పద్ధతి. టైరు అంచంతా సుద్దపొడి పూసి, ఒక చక్రాన్ని దుంగ మీదికి ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి. టైరు ఎక్కడ తగిలితే అక్కడ మడ్‌గార్డు తెల్లబడుతుంది. ఆమె పొడి పూసింది. చెంప మీద కూడా కొంచెం పూసుకుంది, తెలియకుండా. అతను చూశాడు, చెప్పలేదు.

స్టీరింగ్ తిప్పారు. 'గర్ర్'మంది. మడ్‌గార్డు లోపల జానెడు మేర తెల్లగా గీసుకుపోయింది.

మేస్త్రి అట్టముక్క తెప్పించాడు. దాని మీద రెండు గళ్ళున్నాయి. రెండింటిలోనూ తొమ్మిదే.

"తిన్నగా ఉన్నా తొమ్మిదే, తిప్పినా తొమ్మిదేనా? ఇది ట్రక్కా, తోపుడుబండా? కొలత ఎవరు చూశారు?"

షాపులో కంప్రెసర్ ఒక్కటే మాట్లాడుతోంది.

"నేనే నాన్నా," అంది ఆమె. "సరిచూసుకోవాల్సింది. తప్పు నాదే."

"ఆరేళ్ళుగా నేర్పుతున్నా. ఏట్లో చక్రం పట్టేస్తే ఇతని పెట్టెలు ఏమవ్వాలి? రేపటి నుంచి పానా నేను పట్టుకుంటాను. నువ్వు సైకిళ్ళకి గాలి కొట్టుకో."

ఆమె తల వంచుకుంది. చేతికంటిన సుద్దపొడిని వేళ్ళతో నలుపుతూ నిలబడింది. అంత నిశ్శబ్దం ఆమెలో అతను ఎప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఆమె లాగినా రాని మాట, ఆమె ఊరుకునేసరికి దానంతటదే వదులైంది.

"ఆవిడ రెండుసార్లు కొలవమన్నారు. నేనే రెండోసారి కొలవలేదు."

మేస్త్రి ఇటు తిరిగాడు. "బాబూ, ఈగ పట్టేంత సందు కొలిచి పెట్టెలు చేసేవాడివి. ఇంత చక్రం ఎట్లా వదిలేశావు?"

"అప్పుడు ఆవిడ నవ్వారు."

సరిగ్గా ఆ క్షణానే కంప్రెసర్ నిండి ఆగిపోయింది.

"నవ్వితే?"

"టేపు చేతిలోనే ఉండిపోయింది. మొదటి అంకే మళ్ళీ రాసేశాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు. "నాకు మాట్లాడటం రాదండీ. ఈ మూడు రోజులూ పనిలేకపోయినా వచ్చాను. ఆవిడ మాటలు వినడానికే. ఆవిడ చేతిలో పానా తీసేయకండి. ఇంకోసారి కొలవమంటే, ఆవిణ్ణి లోపలికి పంపి కొలుస్తాను."

మేస్త్రి మడ్‌గార్డు మీది తెల్ల గీతని వేలితో తడిమాడు. మీసం కింద ఏదో కదిలింది.

"అంచు కోయాలి. కమాన్ స్ప్రింగులకి తలా ఒక పట్టీ ఎక్కించి బండి లేపాలి. తెల్లారేలోపు అయిపోతుంది," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరగకుండానే, "అమ్మాయ్, కోతంతా నీదే. ముందు కాసేపు లోపలికెళ్ళు. ఈసారి కొలత సరిగ్గా రావాలి."

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. వెళ్ళింది.

మర్నాడు తెల్లవారుతుండగా, మూతులు మూసిన నలభై పెట్టెలతో ట్రక్కు ఏట్లోకి దిగింది. అతను స్టీరింగ్ దగ్గర, మేస్త్రి అటు కిటికీ దగ్గర, మధ్యలో ఆమె. నీళ్ళు చక్రాలను ముప్పాతిక దాకా ముంచాయి. ఒకచోట గుండ్రాయి మీద ఎడమ చక్రం లేచి బండి ఒరిగింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు.

ఏమీ తగల్లేదు. వెనక నుంచి ఈగల రొద ఒక్కటే.

అవతలి ఒడ్డున పెట్టెలు దించి మూతులు తీశారు. ఈగలు ఒక్కొక్కటే బయటికొచ్చి, గుమ్మం ముందు కాస్త తచ్చాడి, పూత వైపు వెళ్ళిపోయాయి.

"పన్నెండు రోజులన్నావు కదా," అన్నాడు మేస్త్రి. "పెట్టెలు వెనక్కి తెచ్చాక, మీ పెద్దవాళ్ళని ఎక్కించుకుని మా ఇంటికి రా. బండిలో చోటుంది." కూతురి వైపు చూశాడు. "ఏమ్మా, రమ్మనవచ్చా?"

ఆమె నిన్న సాయంత్రం తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"కూర్చోవడానికి వెనక బల్లలు నేనే బిగిస్తాను నాన్నా. కొలతలు మాత్రం మీరు తీసుకోండి."

అతను చప్పున కిందికి చూశాడు. నవ్వు మాత్రం ఈసారి దాగలేదు.

ట్రక్కు నీడలో గోనెసంచి పరిచి, ఆమె క్యారియర్ విప్పింది. మూడు గిన్నెలు, మూడు మూతలు. అతను తెచ్చిన తేనెపట్టు ముక్కని విరిచి, పెద్ద ముక్క ఆమె మూతలో పెట్టాడు. మేస్త్రి ఆరు చక్రాలనూ లెక్కపెట్టుకుంటున్నట్టు అటు తిరిగి కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఆమె చెంప మీద నిన్నటి సుద్ద ఇంకా కొంచెం ఉంది. అతను చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. తుడుచుకోలేదు.