రెండు వేళ్ల గుర్తు

"ఇయ్యాల గది ఆన్ గాకపోతే ఎట్ల, తమ్మీ?"

టేబుల్ కింద ఉన్న నల్లటి కంప్యూటర్ డబ్బా వైపు చూస్తూ అంది గోపమ్మ. అప్పటికి ఎవరూ దాని జోలికే పోలేదు. బటన్ కూడా నొక్కలేదు.

వీరేశం నవ్వాడు. "మబ్బు వడితే పిడుగు వడ్తదంటవ్. లిఫ్టు ఎక్కితే తెగుతదంటవ్. నీ నోట్లకెళ్లి ఒక్క మంచి మాట రాదా అక్కా?"

"మంచి మాట నువ్వు చెప్పు. భయం నాకిడిసిపెట్టు."

నిజానికి ఆ భయమే ఆమెకు ఉద్యోగం ఇప్పించింది. ఏది ఎక్కడ చెడుతుందో అందరికంటే ముందు ఆలోచించే మనిషి కావాలని ఇంటెలిజెన్స్ వాళ్లు గోపమ్మను ఏరికోరి తీసుకున్నారు. కోడ్ నేమ్: కందిలి, అంటే లాంతరు. గొర్రెల కాపరుల ఇంట పుట్టి, అలాంటి ఇంటికే కోడలై, భర్త పోయాక చిన్న గుమాస్తాగా చేరి, ఈ రోజు చౌటుప్పల్ హైవే పక్కన టైర్ల షాపు మీది గదిలో కూర్చుని ఒక విదేశీ ముఠా మీద కన్నేసి ఉన్నది. బయటికి మాత్రం అది డిస్‌ప్లే బోర్డులు నడిపే ఆఫీసు. వీరేశం అందులో టెక్నీషియన్. ఇద్దరూ ఒకే టీంలో ఎన్నో మిషన్లు చేశారు.

ఆ బిల్డింగ్ మీద పెద్ద ఎల్ఈడీ బోర్డు ఉంది. దాని మీద ఒక ప్లాట్ల వెంచర్ ప్రకటన వస్తుంది. రోడ్డుకు అవతల, వేపచెట్ల వెనుక ఉన్న ఫామ్‌హౌస్ కిటికీలోంచి చూస్తే ఆ బోర్డు స్పష్టంగా కనబడుతుంది. అసలు ఆ బోర్డు ఉన్నదే ఆ కిటికీ కోసం.

'బుకింగ్స్ జరుగుతున్నవి' అంటే, పని సాగనివ్వు. 'ప్లాట్లన్నీ అయిపోయినవి' అంటే, అన్నీ వదిలేసి బయటపడు. బోర్డు ఆరిపోయి ఉంటే కరెంటు పోయిందని అర్థం, అంతే.

ఆ కిటికీ దగ్గర కూర్చున్నది సుచరిత. నల్లకళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో వెంచర్ మార్కెటింగ్ మేనేజర్ విజిటింగ్ కార్డు. 'ఆర్కిడ్' అనే ముఠాకు ఇక్కడి మందుల ఫ్యాక్టరీ ఫార్ములా అమ్ముతున్నట్టు నటిస్తున్న డబుల్ ఏజెంట్. ముఠా మొత్తం ఆమె వెనక తిరుగుతున్నది. ఆమె మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసి తిన్నదో లేదో చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమె తల్లి. గోపమ్మ.

ఫామ్‌హౌస్‌లో జామర్ పెట్టారు. లోపలికి ఫోన్ పోదు, మెసేజ్ పోదు. కనబడేది ఈ బోర్డు ఒక్కటే. బోర్డు మాట వినేది ఈ కంప్యూటర్ ఒక్కదానిదే.

ఫోన్ మోగింది. హెడ్ ఆఫీస్ నుంచి దామోదర్ సార్.

"కందిలి?"

"వెలుగుతున్నది."

"అబార్ట్. సుచరిత కవర్ పోయింది. మనోళ్లల్ల ఎవరో హేల్‌కు ఆమె ఫోటో అమ్మిన్రు. హేల్ నల్లకారు నార్కట్‌పల్లి దాటింది. వాడు లోపలికి వచ్చి ఫోటో చూపెట్టిండంటే ఇగ పిల్ల బయటికి రాదు. బోర్డు ఏయండి. టీం బయల్దేరింది గని, వాని కంటె ముందు అందదు."

హేల్ అంటే ఆర్కిడ్‌కు పెద్ద తల. గోపమ్మ ఫోన్‌ను చెవికి అదుముకుంది. "మనోళ్లంటే ఎవలు సార్?"

"తెల్వది. ముందు పిల్లను బయటికి తియ్యి."

వీరేశం అప్పటికే బటన్ నొక్కాడు. ఏమీ లేదు. ఫ్యాన్ తిరగలేదు. లైటు వెలగలేదు. బీప్ కూడా అనలేదు. ఇంకోసారి నొక్కాడు. రాయిని నొక్కినట్టే ఉంది.

"చెప్పిననా? చెప్పిననా లేదా?" అంది గోపమ్మ. అయినా ఆగలేదు. మరో ఫోన్‌లో మరిదికి కలిపింది. "గుర్వయ్యా, మంద ఏడున్నది?"

"సర్వీసు రోడ్డు మీద వదినా. ఏమాయె?"

"నల్లకారు ఫామ్‌హౌస్ దిక్కు మళ్లుతది. మందను అడ్డం తోలు. ఫోన్ వెట్టెయ్యకు."

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు ప్లగ్గు. అదే ప్లగ్గులో సెల్ చార్జర్ పెడితే చార్జింగ్ ఎక్కుతున్నది. గోడలో కరెంటు ఉంది. డబ్బా వెనక స్విచ్ ఆన్‌లోనే ఉంది. మానిటర్ వైరు తీసి దీనికి పెట్టింది. వైరు మంచిదే, డబ్బా మాత్రం పలకలేదు. ఆ వైరును మళ్లీ మానిటర్‌కే పెట్టేసింది.

"మదర్‌బోర్డు పోయినట్టున్నదక్కా," అన్నాడు వీరేశం సంచి భుజానికి తగిలించుకుంటూ. "నేను ఉరికి ఎల్బీ నగర్ నుంచి కొత్తది తెస్త."

"నువ్వొచ్చేదాంక హేల్‌గాడు ఛాయ్ తాక్కుంట కూసుంటడా? స్క్రూడ్రైవర్ ఇటియ్యి."

పక్క తలుపు ఊడదీసింది. ఆ కంప్యూటర్‌ను వాళ్లిద్దరూ ఆ గదిలోనే, నేల మీద పేపరు పరుచుకుని, ఒక్కో భాగం బిగించి తయారుచేశారు. ఏ వైరు ఎక్కడికి పోతుందో వీరేశమే నేర్పాడు. అప్పుడు గోపమ్మ మందలో గొర్రెల వీపున వేసే ఎర్రరంగు తెచ్చి, రెండు వేళ్లు ముంచి, ప్రతి భాగం మీద పక్కపక్కన అద్దింది. వాళ్ల ఇంటి గొర్రెలకు అదే గుర్తు. వేరే మందలో కలిసినా దొరికిపోతాయి.

"ఇగ ఇవి మన మందలయి. ఎవడన్న మార్చిండంటే తెలుస్తది," అంది ఆ రోజు.

"గొర్లకు కోసినట్టు చెవులు గూడ కోస్తవా అక్కా?" అని వీరేశం పడీపడీ నవ్వాడు.

సొంత తమ్ముడు కాడు. కానీ సుచరితకు ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు మేనమామగా నిలబడి పట్టుబట్టలు పెట్టింది అతనే. గోపమ్మ కట్టిచ్చిన టిఫిన్ తినని రోజు లేదు.

ర్యామ్ ముక్కను ఊడదీసి రబ్బరుతో రుద్ది మళ్లీ నొక్కింది. లాభం లేదు. ర్యామ్ తప్పయితే ఫ్యాన్ అయినా తిరగాలి. బటన్ పాడైందేమోనని దాని వైరు పీకి, ఆ వైరు గుచ్చుకునే రెండు సూదులను స్క్రూడ్రైవర్ మొనతో కలిపింది. ఉలుకూ పలుకూ లేదు.

"వదినా!" ఫోన్‌లో గుర్వయ్య. "కారొచ్చింది. మందల ఇరికింది. తెల్లదొర దిగి తిడ్తాండు. ఏం తిడ్తాండో సమజైతలేదు గని, ముఖం మస్తు ఎర్రగైంది."

"తిట్టనియ్యి. గొర్రెపిల్ల కారు కింద వడ్డట్టు చేసి ఇంకింత లేట్ చెయ్యి."

ఇక మిగిలింది ఎస్ఎంపీఎస్. గోడలోంచి వచ్చిన కరెంటును మార్చి లోపలి భాగాలకు పంచే ఇనుప డబ్బా. గోపమ్మ దాని లావు ప్లగ్గును మదర్‌బోర్డు నుంచి పీకి, జడపిన్ను తీసి, ఆకుపచ్చ వైరు రంధ్రాన్నీ నల్లవైరు రంధ్రాన్నీ కలిపింది. డబ్బా బతికుంటే దాని ఫ్యాన్ తిరగాలి.

తిరగలేదు.

"దీంట్లనే ఉన్నది," అంటూ టార్చి వేసింది. అలాగే ఉండిపోయింది.

మదర్‌బోర్డు మీద, ర్యామ్ మీద, హార్డ్‌డిస్క్ మీద ఎర్రగుర్తులు వెలిసిపోయి, దుమ్ము పట్టి, ఇటుకపొడి రంగులోకి మారాయి. ఎస్ఎంపీఎస్ మీద కూడా రెండు వేళ్ల గుర్తు ఉంది. కానీ అది నిన్నమొన్న వేసినట్టు మెరుస్తున్నది. అదీగాక లావు వేళ్లు. గోపమ్మవి సన్నటి వేళ్లు.

ఎవరో డబ్బా మార్చారు. మార్చి, గుర్తు కూడా వేశారు.

బయటివాడైతే గుర్తు వేయడు. ఈ కంప్యూటర్ లోపల ఆ గుర్తుకు ఏం అర్థమో బయటివాడికి తెలియదు. తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడు ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

తొలిసారిగా ఆ రోజు గోపమ్మకు భయం వేయలేదు. అన్నీ ముందే ఊహించి భయపడిన మనిషి, ఇది మాత్రం ఊహించలేదు. ఎలుకను అనుమానించింది, పిడుగును అనుమానించింది, గోడలో వైరును అనుమానించింది. ఇతన్ని ఒక్కనాడూ అనుమానించలేదు.

"తమ్మీ," అంది తల తిప్పకుండా, "ఇయ్యాల బిడ్డ ఫికర్ల నీకు బువ్వ గట్టలే."

"పర్వాలేదక్కా. బయట తింట."

"మరి నీ సంచి గంత బరువెందుకున్నది?"

వీరేశం గొళ్లెం మీద చేయి వేశాడు. గోపమ్మ టేబుల్ కింద పెట్టుకున్న జొన్నపిండి డబ్బాలో చేయి పెట్టింది. బయటికి తీసిన పిస్టల్‌కు పిండి అంటి ఉంది, కానీ గురి మాత్రం కుదురుగా ఉంది.

"సంచి కింద వెట్టు. చేతులు కిటికీ సీకులకు ఆనించు."

సెల్ చార్జర్ వైరుతో అతని చేతులు సీకులకు బిగించి కట్టింది. సంచి తెరిచింది. ఖాళీ టిఫిన్ బాక్సు కింద పాత ఎస్ఎంపీఎస్ ఉంది. దాని మీద వెలిసిపోయిన రెండు సన్నటి వేళ్ల గుర్తు. తప్పిపోయిన గొర్రె దొరికినట్టయింది, కానీ సంతోషం రాలేదు.

"వదినా, ఇగ నాతోని గాదు. గొర్లు దాటిపోయినయి. కారు కదిలింది!"

గోపమ్మ స్క్రూలు కూడా బిగించలేదు. డబ్బాను ఒడిలో పెట్టుకుని లావు ప్లగ్గు గుచ్చింది. చిన్న ప్లగ్గు గుచ్చింది. బటన్ నొక్కింది.

ఫ్యాన్ గిర్రున తిరిగింది. బీప్.

స్క్రీన్ వెలిగింది. కిందటిసారి సరిగ్గా ఆఫ్ చేయలేదట, డిస్క్ చెక్ చేస్తుందట, వద్దంటే ఏదో ఒక కీ నొక్కాలట. గోపమ్మ అరచేత్తో కీబోర్డు మీద ఒక్కటి వేసింది. ప్రోగ్రాం తెరుచుకుంది. కిటికీలోంచి చూస్తే నల్లకారు ఫామ్‌హౌస్ గేటు ముందు హారన్ కొడుతున్నది. గేటు తెరుచుకుంటున్నది.

ఎంటర్ నొక్కింది.

నెత్తి మీద బోర్డు భగ్గుమన్నది. పట్టపగలు ఎర్రటి అక్షరాలు: ప్లాట్లన్నీ అయిపోయినవి.

కారు లోపలికి పోయింది. వేపచెట్లు కదల్లేదు. ఎవరూ రాలేదు. గోపమ్మ కళ్లముందు లేనిపోనివన్నీ తిరిగాయి. పిల్ల బోర్డు వైపు వీపు పెట్టి కూర్చున్నదేమో. కళ్లద్దాల్లో ఎర్రరంగు కనబడదేమో. తలుపు బయట గొళ్లెం పెట్టారేమో.

అప్పుడు ఫామ్‌హౌస్ వెనక గోడ మీద ఒక కాలు కనబడింది. తర్వాత నల్లకళ్లద్దాలు. సుచరిత దూకింది, పడింది, లేచింది, గుర్వయ్య మందలోకి వంగి ఉరికింది. గొర్రెల నడుమ ఎవరికీ కనబడలేదు. అదే సమయానికి టీం జీపులు గేటును మూసేశాయి.

జామర్ దాటగానే ఫోన్ వచ్చింది. "అమ్మా, నా చెప్పొకటి లోపలనే పోయిందే."

"చెప్పు పోతే పోయింది. కాళ్లున్నయా?"

"ఉన్నయి."

"తిన్నవా?"

"అమ్మా!"

గోపమ్మ ఫోన్ పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత దామోదర్ సార్ చేశారు. హేల్ దొరికాడు, జేబులో ఫోటో దొరికింది. "పిల్ల లంగావోణీల ఉన్నది. పక్కన ఎవరో ఉంటే కత్తిరించిన్రు. పిల్ల భుజం మీద చెయ్యి ఒక్కటే మిగిలింది."

ఆ చేయి ఎవరిదో గోపమ్మకు చెప్పనక్కరలేదు. ఆ ఫోటో ఆమె ఇంట్లో గోడ మీద కత్తిరించకుండా ఉంది.

కుర్చీ లాక్కుని వీరేశం ఎదుట కూర్చుంది. "ఎందుకమ్మినవ్?"

అతను నేల చూశాడు.

"మేనమామవని పీట మీద నిలవెట్టిన గదరా. బిడ్డ నిన్ను మామా అని పిలుస్తదిరా. ఏమిచ్చిన్రు నీకు?"

ఒడిలోంచి దించిన ఎస్ఎంపీఎస్ నేల మీద సన్నగా హోరుమంటున్నది. కింద జీపు ఆగింది. బూట్ల చప్పుడు మెట్లెక్కుతున్నది.

"సరే, అది చెప్పకు. ఇది చెప్పు. మార్చితె మార్చినవ్. మళ్ల ఆ రంగు డబ్బా తీసి గుర్తెందుకు ఏసినవ్?"

తలుపు తీశారు. ఇద్దరు జవాన్లు లోపలికి వచ్చి కట్టు విప్పారు, బేడీలు వేశారు. వీరేశం గడప దాటబోతూ ఆగాడు. ఆమె వైపు తిరగలేదు.

"గుర్తు లేకుంటే నువ్వు భయపడ్తవని అక్కా."