తల్లిగారింటి గడప

లిఫ్టు పదకొండో అంతస్తులో ఆగిపోయిన ఆ అరగంటే రేణుక ప్రాణం మీదికి తెచ్చింది.

నార్సింగిలోని ఆ టవర్లలో పనికి వచ్చేవాళ్లు గేటు దగ్గర మిషన్‌లో తమ నంబరు కొట్టి లోపలికి వెళ్లాలి, కొట్టి బయటికి రావాలి. ఎవరు ఏ ఫ్లాటుకు వెళ్లారో, ఎన్నింటికి దిగారో అంతా అందులో పడుతుంది. మిగతా పనివాళ్లకు అది వట్టి నంబరు. రేణుకకు మాత్రం గుండెదడ... ఎందుకంటే ఆ మిషన్ ముందు కూర్చునే సెక్యూరిటీ గార్డు ఆమె మొగుడు శేఖర్.

"పన్నెండుంబావుకు దిగాలె. ఇప్పుడు ముప్పావు" అన్నాడు శేఖర్, మిషన్ మీదినుంచి చూపు తిప్పకుండా.

"లిఫ్టు ఆగింది... కావాలంటె మేడంను అడుగు."

"అడుగుత. రెండింటికి డ్యూటీ దిగి, ఇంటికొచ్చినంక నిన్నే అడుగుత."

పక్కనున్న గార్డుకు అది ఆలుమగల మామూలు మాటలాగే వినిపించి ఉంటుంది. ఆ నెమ్మది గొంతు వెనక ఏముందో రేణుక వీపుకు తెలుసు. ఫోన్ ఎత్తలేదని ఒకసారి, కూరగాయలమ్మేవాడితో నవ్వుతూ మాట్లాడిందని ఒకసారి. మొన్న అడ్డం వచ్చిన కూతురు హర్షిణి చెయ్యి కూడా మెలిపెట్టాడు. ఏడేళ్ల పిల్ల! తన దెబ్బలు తాను ఓర్చుకుంది గానీ, వాచిన ఆ చిన్న మణికట్టు చూశాక మాత్రం రేణుక మనసు విరిగిపోయింది.

ఈరోజు అతను వచ్చేలోగా పిల్లను తీసుకుని వెళ్లిపోవాలి. కానీ ఎక్కడికి?

"యాడికి పోతవే? నీ తల్లిగారిల్లు నీళ్లల్ల ఉన్నది." కొట్టిన ప్రతిసారీ అతను చివరికి అనే మాట ఇదే. అందులో అబద్ధం లేదు. ఇద్దరిదీ ఒకే ఊరు. కొత్త చెరువు కట్ట కోసం సర్కారు ఊరంతా ఖాళీ చేయించింది. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఒకే నీళ్ల కింద పడుకున్నాయి. అన్నదమ్ములు లేరు. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి రుక్కమ్మ, ఊరికి బదులు సర్కారు ఇచ్చిన కొత్త కాలనీలో ఇల్లు లేవకముందే కన్ను మూసింది. ఊరు పోయిన బాధతో శేఖర్ అలా తయారయ్యాడని అందరూ జాలిపడతారు. ఊరు రేణుకకూ పోయింది కదా... ఆమె ఎవరిని కొట్టింది?

నడుస్తున్నదో పరిగెడుతున్నదో తెలియకుండా ఇల్లు చేరింది. వరండా చివర ఒక్క గది. తలుపుకు గడియ ఉంది గానీ ఎవరూ వేయరు. తను ఎప్పుడొచ్చినా తలుపు తెరిచే ఉండాలని శేఖర్ హుకుం. లోపల అత్త లచ్చమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. బడికి సెలవులు కావడంతో హర్షిణి ఆమె పక్కనే బొమ్మలు గీసుకుంటోంది.

రేణుక సంచిలో బట్టలు కుక్కసాగింది. పిల్ల గౌను, ఆధార్ కాగితాలు, దువ్వెన... తొందరలో దువ్వెన రెండుసార్లు జారిపడింది.

"ఎన్నింటికొస్తడు?" అని అడిగింది లచ్చమ్మ.

"రెండింటికి డ్యూటీ దిగి వస్తడు."

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది.

"యాడికి పోతవ్ బిడ్డా?"

"ఎరుక లేదత్తమ్మా. బస్సెక్కుత. ఏడ దింపితే ఆడ..." సంచి మూతి ముడి వేసింది. "ఈడనే ఉంటె నా బిడ్డ చెయ్యి ఇరుగుతది."

లచ్చమ్మ చాట పక్కన పెట్టింది. రెండేళ్లుగా పరదా అవతల పడుకుని అంతా విన్న మనిషి. ఏనాడూ నోరు విప్పి "ఆగురా" అనలేదు. ఒక్కగానొక్క కొడుకు, రేపు కొరివి పెట్టేవాడు అని పళ్లు బిగించి పడుకుంది. ఇప్పుడామె వంగి మంచం కిందినుంచి పాత చీరలో చుట్టిన పొడవాటి మూట లాగింది. విప్పితే మూడడుగుల టేకు చెక్క! పసుపు ఇంకి నల్లబడింది. ఒక మూల గొడ్డలి వేటు.

రేణుక వంగి ఆ వేటును వేలితో తడిమింది. తన చిన్నప్పుడు కట్టెలు కొడుతూ ఆ వేటు వేసింది నాయనే. ప్రతి శుక్రవారం అమ్మ పసుపు రాసిన గడప అది.

"ఊరు ఇడిశిననాడు మీ అమ్మ పీకి తెచ్చుకున్నది. పానం పొయ్యేముందు నా చేతుల పెట్టి, నా బిడ్డకు ఇల్లయిననాడు పెట్టుమన్నది. మా గడప వాడు అమ్ముకున్నడు, ఇది దొరికితె దీన్నీ అమ్ముతడని దాశిన. చెక్కనైతె దాశిన గని, నిన్ను కాపాడకపోతి..."

ఆమె గడపను ఈడ్చుకెళ్లి గది వాకిలికి అడ్డంగా పెట్టింది. చాటలో బియ్యానికి పసుపు కలిపింది. రెండు ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, కొత్త రవికె గుడ్డ తీసింది.

"కూసో. ఒడి పట్టు."

"ఒడిబియ్యం తల్లిగారే పోయాలె గదా అత్తమ్మా... అత్త పోస్తరా ఎవరన్న?"

"పోయరు. గందుకే పోస్తున్న."

హర్షిణి రాసిన పసుపుతో గడప మళ్లీ మెరిసింది. లచ్చమ్మ ఐదు దోసిళ్లు పోసింది. ఐదో దోసిలి పడేసరికి గడియారం రెండు దాటింది, వరండాలో బూట్ల చప్పుడైంది. రేణుక పిల్లను దగ్గరికి లాక్కుంది. లేవబోతే లచ్చమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఏందీ తమాషా?" అంటూ శేఖర్ వాకిట్లో ఆగాడు.

"ఆడ్నే ఆగు. ఇది రేణుక తల్లిగారిల్లు" అంది లచ్చమ్మ. "ఈ గడపకు నువ్వు అల్లునివి. పిలిస్తెనే లోపలికి రావాలె."

"అమ్మా, నేను నీ కొడుకును."

"ఎరికే. గందుకే రెండేండ్లు చెవులు మూసుకున్న. గది కిరాయి కాగితం నా పేరు మీదున్నది. ఇంటామె అనసూయమ్మకు చెప్పి ఉంచుత. ఇంకోసారి చెయ్యి లేపితె నీ పెండ్లాం గాదు, నేనే స్టేషన్‌కొచ్చి సాచ్చెం చెప్త. పో."

శేఖర్ కాలెత్తాడు. కళ్లు గడప మూలనున్న గొడ్డలి వేటు మీద పడ్డాయి. పెళ్లినాడు ఆ గడప ముందే రుక్కమ్మ అతని కాళ్లు కడిగి, బిడ్డ పైలం అని చేతులు జోడించింది. ఎత్తిన కాలు అక్కడే దించాడు. వరండాలో ఇరుగుపొరుగు గుమ్మాల్లోంచి చూస్తున్నారు. వెనక్కి తిరిగి నడిచాడు. బూట్ల చప్పుడు మెట్లు దిగి దూరమైంది. మళ్లీ రాడని ఎవరు చెప్పగలరు? ఆ భయం ఇంకా గదిలోనే ఉంది.

"నానమ్మా, ఇగ నువ్వు నాకు అమ్మమ్మవా?" అంది హర్షిణి.

కొడుకు పోతుంటే కన్నీటి చుక్క రాల్చని లచ్చమ్మ, ఆ మాటకు కొంగు మొహాన కప్పుకుని భోరుమంది. రేణుక ఆమె తల తన భుజానికి ఆనించుకుని చాలాసేపు నిమురుతూ కూర్చుంది. తరువాత ఒడిలో బియ్యం ఒలకకుండా ఒక చేత్తో పట్టుకుని లేచి, తలుపు మూసి గడియ పెట్టింది. ఆ ఇంట్లో ఆమె గడియ పెట్టడం అదే మొదటిసారి.