మేనమామ బిగించిన కంప్యూటర్

ఆదివారం పొద్దున సుమలత పొంగణాల పెనం పొయ్యి మీద పెట్టేసరికే ఆమె భర్త మునికృష్ణ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హాల్లో దుప్పటి కప్పిన వస్తువు చుట్టూ తిరుగుతున్నాడు. మదనపల్లెలో కంప్యూటర్ల అంగడి పెట్టి ఇరవై ఏళ్లు దాటిన మనిషి. ఎవరైనా అంగట్లోకి వచ్చి నాకు ఫలానాది కావాలి అనబోతే, "నువ్వు ఊరకుండు, నీకేది కావాలో నేను చెప్తా" అనడం ఆయన అలవాటు. చాలామంది ఊరకుండేవాళ్లు. ఆయన చెప్పింది బాగానే పనిచేసేది కూడా.

ఇప్పుడు ఆయన ఎదురుచూస్తున్నది గీత కోసం. కుప్పంలో ఉండే అక్క ఇందిరమ్మ కూతురు. మదనపల్లె పక్కనున్న అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతూ మూడేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంటోంది. పిల్లలు లేని ఆ ఇద్దరికీ గీత వచ్చాకే ఇంట్లో సందడంటే ఏమిటో తెలిసింది. ఆటలు ఆడటమే కాదు, ఆటలు తయారుచేయడమే తన ఉద్యోగం కావాలని పిల్ల పట్టుదల. అందుకు తగిన గేమింగ్ కంప్యూటర్ ఇస్తానని మామ మాటిచ్చాడు. సామాన్లు తనే ఏరుకుంటాననీ, ఇద్దరూ కూర్చుని బిగిద్దామనీ గీత రెండు నెలలుగా చెబుతూనే ఉంది. మామ ప్రతిసారీ తల ఊపాడు. ఆ తల ఊపుడుకు అర్థమేమిటో సుమలతకు తెలుసు. పాపం, గీతకు తెలియదు.

గీత తలకు తువ్వాలు చుట్టుకుని హాల్లోకి రాగానే మునికృష్ణ దుప్పటి లాగేసి స్విచ్ వేశాడు. గాజు పెట్టెలో ఎరుపు, నీలం, పచ్చ లైట్లు గిర్రున తిరిగాయి.

"ఎట్లుండాది పాపా?"

గీత మొహంలో ఏ వెలుగూ రాలేదు. వంగి లోపలికి చూసింది.

"ఎప్పుడు బిగించినావు మామా?"

"నిన్న అంగట్లో. లోపల సూడు, ఐ సెవెన్ ప్రాసెసర్ ఏసినా. మన వీధిలో ఎవురింట్లోనూ లేదు."

"ఆటలకు ముందు సూసుకోవాల్సింది గ్రాఫిక్స్ కార్డు మామా. ప్రాసెసర్ అంత పెద్దది పెట్టి, కార్డు చిన్నది ఏసినావు. ముందరంతా గాజు. గాలి యాడనుంచి దూరాల? ఈ పవర్ సప్లై క్యాబినెట్‌తో పాటు వచ్చింది. కంపెనీ పేరు కూడా లేదు. మన కరెంటు ఎట్లా ఎగిరి పడతా ఉంటాదో నీకు తెల్దా?"

మునికృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లో ఆయన అంగడి గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అన్నది లేదు.

"ఇరవై ఏండ్లుగా బిగిస్తాండా. ఫోన్లో నాలుగు వీడియోలు సూసి నాకే చెప్పొచ్చినావా? నీకేం తెలుసని ఏరుతావు?"

"తెలుసుకునేదానికే రెండు నెల్లు తిప్పలు పడినా. ఏం తెలుసుకున్నావే అని ఒక్కసారన్నా అడిగినావా?" గీత ఆగలేదు. "స్కూలు నువ్వే చెప్పినావు. కాలేజీ నువ్వే చెప్పినావు. ఫోనూ నువ్వే కొన్నావు. అన్నీ మంచివే మామా. ఒక్కటన్నా నాది కాదు."

"అట్లయితే నా ఇంట్లో యాల ఉండావు?"

ఆ మాట ఎలా వచ్చిందో మునికృష్ణకే తెలియదు. నోరు జారాక నాలుక కరుచుకున్నాడు. గీత "సరే మామా, రేపు హాస్టలుకు పోతాను" అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సుమలత పొయ్యి ఆర్పేసి వచ్చింది.

"ఇప్పుడు కడుపు సల్లబడిందా నీకు?"

మునికృష్ణ ఆ పెట్టెను ఆటోలో వేయించుకుని అంగడికి వెళ్లిపోయాడు. పిల్ల చెప్పింది తప్పని రుజువు చేద్దామన్న పంతం ఇంకా దిగలేదు. షట్టరు సగం ఎత్తి, ఒక పెద్ద ఆట పెట్టి నడిపించాడు. కాసేపటికే గాజు మీద చెయ్యి పెట్టలేకపోయాడు. ఇంకాసేపటికి మిషన్ దానంతటదే ఆగిపోయింది. ఆయనకు గర్వం ఎంతున్నా పని విషయంలో అబద్ధం చెప్పుకునే మనిషి కాదు. పిల్ల చెప్పింది నిజమే.

మార్చాల్సిన సామాన్లేవీ తన అంగట్లో లేవు. తెప్పించాలంటే రోజులు పడతాయి. గీత రేపే వెళ్లిపోతానంది. ఈ రోజే దొరికే చోటు ఒకటే ఉంది, పుంగనూరులో చెంగల్రాయుడి అంగడి. ఆ చెంగల్రాయుడు ఆరేళ్లు మునికృష్ణ దగ్గరే పనిచేసి, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసి సొంతంగా పెట్టుకున్నవాడు. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడినా మునికృష్ణ మొహం తిప్పుకునేవాడు. ఈ రోజు మాత్రం అంగడి ముందున్న మోటార్ సైకిల్ తీశాడు. పిల్ల లేని ఇల్లు తలుచుకుంటే పంతం నిలవలేదు.

ఆయన్ని చూసి చెంగల్రాయుడు కుర్చీలోంచి లేచాడు.

"రాన్నా, కూర్చో."

మునికృష్ణ కూర్చోలేదు. "మా గీతకు గేమింగ్ మిషన్. క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై మార్చాల."

"ఏవి కావాలనింది పాప?"

మునికృష్ణకు ఒక్క పేరూ గుర్తు రాలేదు. పిల్ల రెండు నెలలు అన్నం ముందు కూర్చుని ఇవే కబుర్లు చెప్పింది. తను తల ఊపాడే తప్ప ఒక్కటీ చెవిన వేసుకోలేదు. సిగ్గుతో తల వంచుకుని అడిగాడు.

"నువ్వయితే ఏం ఏస్తావు రాయుడూ?"

చెంగల్రాయుడు కుర్చీ ఆయన వైపు జరిపాడు.

"ఈ మాట ఆరేండ్లలో ఒక్క దినమన్నా అడిగింటే నేను ఆడనే ఉందును గదన్నా."

"జీతం చాలక పోయినావనుకుంటి."

"జీతం బాగానే ఇచ్చినావు. పని నేర్పినావు. ఒక్క మిషన్‌కన్నా సామాను నా చేత ఏరనియ్యలేదు. అంతే."

కోపంగా అన్న మాట కాదది. అందుకే మునికృష్ణకు ఎక్కువ తగిలింది. ఒకణ్ణి ఎందుకు పోగొట్టుకున్నాడో ఇన్నాళ్లకు తెలిసింది. రెండోసారి అదే పని చేస్తూ దొరికిపోయాడు. ఫోన్ తీసి గీతకు కలిపాడు.

"పాపా, చెంగల్రాయుడి అంగట్లో ఉండా. ఏది తీసుకోవాల్నో నాకు తెలీలేదు. నువ్వొచ్చి ఏరుకుంటావా?"

"అత్తను తోడుకోని వస్తా మామా" అని అవతల నుంచి వినిపించింది.

బస్సు దిగి వచ్చిన గీత అంగడంతా తిరిగింది. చెంగల్రాయుడితో వాదించింది. కార్డు, పవర్ సప్లై అయ్యాక, ముందు వైపు జల్లెడలా గాలి ఆడే క్యాబినెట్ ఒకటి ఏరింది. అది నల్లగా, లైట్లు లేకుండా, బీరువా ముక్కలా ఉంది. మునికృష్ణ రెండుసార్లు దగ్గి, మూడోసారి దగ్గబోతుండగా సుమలత మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాడు.

"నచ్చలేదా మామా?"

"నాకు నచ్చలేదు. అయినా అది నాది కాదు గదా."

ఆ రోజు గీత మొదటిసారి నవ్వింది. "నీ ప్రాసెసర్ ఉండనీలే మామా. ఆటలు తయారు చేసేదానికి పనికొస్తాది."

సాయంత్రం అంగట్లోని పెట్టెను కూడా ఇంటికి తెచ్చి, హాల్లో చాప పరిచారు. గీత ఒక్కొక్కటే బిగించింది. పిల్ల అడిగినప్పుడు మునికృష్ణ స్క్రూలు అందించాడు. అంతా అయ్యాక గీత మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి కానీ తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. లేదు. పిల్ల మొహం చిన్నబోయింది.

మునికృష్ణకు చూడగానే తెలిసిపోయింది. మదర్‌బోర్డు పైమూల ప్రాసెసర్‌కు కరెంటిచ్చే వైరు పెట్టలేదు. ఆయన చెయ్యి దానంతటదే లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నింపాదిగా సూడు పాపా. నేనీడనే ఉండా."

గీత ఒక్కో వైరూ తడిమింది. తప్పు చోట వెతికింది, విసుక్కుంది, మళ్లీ మొదటికొచ్చింది. సుమలత వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చివరికి గీత వేలు ఆ మూలకు చేరింది. వైరు గుచ్చి మీట నొక్కితే తెర వెలిగింది.

పిల్ల వెనక్కి తిరిగింది. "నీకు ముందే తెలుసు గదా మామా?"

"తెలుసు."

"మరి యాల చెప్పలేదు?"

మునికృష్ణ కళ్లు నిండిపోయాయి. "చెప్పి చెప్పి ఒక మనిషిని పోగొట్టుకుంటినే పాపా. నిన్ను కూడానా?"

గీత స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మామ పక్కకు జరిగి, ఆయన భుజం మీద తల ఆనించింది.

"హాస్టలుకు పోనులే మామా" అంది.